జాజు పొడి, కమాండర్ జీపు

హాట్‌వీల్స్ బొమ్మ కారును అట్ట చించకుండా గోడకు తగిలిస్తే నాలుగేళ్లలో మంచి ధర పలుకుతుందన్న మాట ఇప్పుడు నల్లగొండ, మిర్యాలగూడ పిల్లల దాకా వచ్చింది. నాకు ఈ లెక్క నచ్చదు. 1968 నుంచి ఆ కంపెనీ కుప్పలుగా పోత పోస్తున్న కార్లవి. వాటిలో ఏది తక్కువగా దొరకాలో కూడా ‘ట్రెజర్ హంట్’ పేరుతో కంపెనీయే నిర్ణయిస్తుంది. నిజంగా కరువైనవి మన రోడ్ల మీద తిరిగిన బండ్లు.

దేవరకొండ, అచ్చంపేట వైపు బస్సు రాని ఊళ్లకు జనాన్ని చేరవేసింది మహీంద్రా కమాండర్ జీపు. లోపల ఊపిరాడనంత మంది, టాపు మీద మూటలు, వెనక కమ్మీ పట్టుకుని వేలాడే మనుషులు. 1994లో వచ్చిన టాటా సుమో 2019లో ఆగిపోయింది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగింది. మిగిలినవి ఒక్కొక్కటే తుక్కుకు పోతున్నాయి. వాటి రూపం నిలవాలంటే ఎవరో ఒకరు చిన్న మోడల్‌గా చేత్తో చేసి పెట్టాలి. బొమ్మ కార్లు కొనడం కన్నా డీటెయిలింగే, అంటే మోడల్‌ను అసలు బండిలా కనిపించేలా తీర్చిదిద్దడమే, ఈ హాబీకి ప్రాణమని నేననేది అందుకే.

డీటెయిలింగ్‌లో ముందు కొలత, తర్వాతే రంగు. 1:43 స్కేలులో, అంటే అసలు కొలతలో 43వ వంతులో, దాదాపు 4.3 మీటర్ల అంబాసిడర్ పది సెంటీమీటర్లకు వస్తుంది. అర మీటరు పొడవు, 12 సెంటీమీటర్ల ఎత్తున్న నంబరు ప్లేటు 11.6 మిల్లీమీటర్లు, 2.8 మిల్లీమీటర్లు అవుతుంది. ఆ కాస్త చోటులోనే మన చరిత్ర ఉంది. ఏపీ 24 అంటే ఉమ్మడి రాష్ట్రంలో నల్లగొండ బండి. టీఎస్ 05 తెలంగాణ వచ్చాక, టీజీ 05 2024 తర్వాత. కొత్తగా మెరిసే అంబాసిడర్‌కు టీజీ ప్లేటు అతికిస్తే ఆ మోడల్ అబద్ధం చెప్పినట్టే.

రంగు కన్నా కష్టం దుమ్ము. నా మొదటి మోడల్ జీపు మీద మా చెలక మట్టినే చల్లి పాడుచేశాను. బండి చిన్నదైతే మట్టి చిన్నదవదు కదా. ఒక మిల్లీమీటరు ఇసుక రవ్వ ఆ స్కేలులో నాలుగు సెంటీమీటర్ల కంకర రాయి. రెండోసారి గడపకు పూసే జాజును పల్చని గుడ్డలో జల్లించి, కొంచెం సుద్ద పొడి కలిపి, మెత్తని బ్రష్‌తో అద్దాను. చక్రాల చుట్టూ, వెనక తలుపు కింద ఎక్కువ, బానెట్ మీద తక్కువ. పైన మ్యాట్ వార్నిష్ పల్చగా కొట్టాను. అప్పుడు అది మన జీపైంది.

కొత్తవాళ్లు సెంటీ అనే బొమ్మల కంపెనీ ప్లాస్టిక్ అంబాసిడర్‌తో మొదలుపెట్టొచ్చు. మెటల్ కారైతే కింద రివెట్‌ను డ్రిల్ చేసి విప్పాలి, పాత రంగు తీసి ప్రైమర్ వేయాలి. స్ప్రే మాత్రం ఎండ కాసిన రోజే. వానాకాలపు తడి గాలిలో లక్కర్ రంగు తెల్లగా పాలిపోతుంది.

పనిముట్లు హైదరాబాద్ నుంచి తెప్పించుకోవచ్చు, ఫోటోలు ఎక్కడి నుంచి తెస్తాం? జీపుకు ఎవరు ఫోటో తీశారు? అందుకే చుట్టాలింటికి వెళ్తే పాత పెళ్లి ఆల్బమ్ అడుగుతాను. అప్పగింతల ఫోటోలో అందరూ పెళ్లికూతురి కన్నీళ్లు చూస్తారు. ఆమె వెనక తెరిచిన అంబాసిడర్ తలుపు ఉంటుంది. దాని హ్యాండిల్ ఎలా ఉందో, సీటు కవరు ఏ రంగో నేను రాసుకుంటాను.