మాంటిస్సోరి పిల్లలకు ఇంటర్ గండం

మే నెలలో ఏ ఇంటికి వెళ్లినా ఒకటే ప్రశ్న, ర్యాంకెంత అని. ఈసారి మా అక్క వాళ్లింట్లో దానికి ఇంకొకటి తోడైంది. "చిన్నప్పుడు మీ అమ్మాయిని ఆ మాంటిస్సోరిలో వేశారు కదమ్మా, ఆటలాడుకుంటూ పెరిగింది, రేపు కాలేజీలో ఈ కాంపిటీషన్ తట్టుకుంటుందంటావా?" అడిగినాయన మా బావకి చిన్నాన్న వరస, మంచి మనిషే, ఇద్దరు కొడుకుల్ని అమెరికా పంపినాయన. అక్క నవ్వి టీ తేవడానికి లేచింది. నాకు మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. తన పని తనే ఎంచుకుని, వస్తువులతో చేతులారా చేస్తూ నేర్చుకునే ఆ మాంటిస్సోరి పద్ధతిలో పునాది పడిన పిల్లలు కాలేజీలో తట్టుకుంటారు, ఉద్యోగంలో ఇంకా బాగా తట్టుకుంటారు. వాళ్లకి ఊపిరాడనిది ఒక్కచోటే, పదో తరగతికీ డిగ్రీకీ మధ్య మనం కట్టిపెట్టిన ఆ రెండేళ్ల బోనులో. అందులో ఇమడలేకపోతే పిల్లదే లోపమని తేల్చేస్తాం కానీ, బోను కొలతలు ఎవరు తీశారని ఒక్కరూ అడగరు.

ఈ టాపిక్ ఎత్తగానే కొంతమంది గూగుల్ లారీ పేజ్, సెర్గీ బ్రిన్, అమెజాన్ జెఫ్ బెజోస్ అంటూ జాబితా చదువుతారు. నిజమే, ముగ్గురూ మాంటిస్సోరి పిల్లలే. పేజ్, బ్రిన్ 2004లో ఒక టీవీ ఇంటర్వ్యూలో తమ విజయంలో ఆ చదువు పాత్ర పెద్దదని చెప్పారు కూడా. బెజోస్ 2018లో ప్రకటించిన 200 కోట్ల డాలర్ల నిధిలో కొంత ఆ పద్ధతి ప్రీస్కూళ్లకే పెట్టాడు. అయినా ఈ వాదన నాకు నచ్చదు. మాంటిస్సోరిలో చదివి ఇప్పుడు బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చునో, బళ్లో పాఠం చెప్పుకుంటూనో హాయిగా బతుకుతున్న వాళ్లని ఎవరూ లెక్కపెట్టరు. గూగుల్ పేరు చెప్పి స్కూలు అమ్మడం అంటే మళ్లీ మన ర్యాంకుల ఫ్లెక్సీనే, ఫొటోలు మారాయంతే.

నాకు నమ్మకం కుదిరింది ఒక చెక్క డబ్బా చూసి.

మా మేనకోడలికి అప్పుడు ఐదేళ్లు. పేరెంట్స్‌ని లోపలికి రానిచ్చే రోజున అక్కతో పాటు నేనూ వెళ్లాను. చాప పరుచుకుని కూర్చుంది. ముందు చిన్న చెక్కపెట్టె, అందులో ఎనిమిది ముక్కలు, ఎర్రవీ నీలంవీ, వాటి పక్కలకి నలుపు. ఒక్కో ముక్కా తీసి చాప మీద వరసగా పెట్టింది, మళ్లీ ఒక్కోటీ రంగుకి రంగు ఆనించుకుంటూ పెట్టెలో పేర్చింది. ఒకటి తిరగబడింది. మూత పడలేదు. పిల్ల మూత వంక చూసింది, నా వంక కాదు, టీచర్ వంక అంతకన్నా కాదు. ముక్కలన్నీ బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టింది. టీచరమ్మ మూలన చిన్న పీట మీద కూర్చుని చూస్తోందే గానీ నోరు విప్పలేదు. మూడోసారికి మూత పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, స్టార్ ఇవ్వలేదు. డబ్బా తీసుకెళ్లి షెల్ఫ్‌లో దాని చోట పెట్టొచ్చింది.

చాలా ఏళ్ల తర్వాత, హైస్కూల్లో ఏ ప్లస్ బీ హోల్ క్యూబ్ చెప్పిన రోజు సాయంత్రం ఫోన్ చేసింది. "మామయ్యా, ఇది నా డబ్బానే!" ఎర్ర క్యూబ్ ఒకటి, నీలం క్యూబ్ ఒకటి, మిగతా ఆరూ మూడేసి చొప్పున. నేను ఆ ఫార్ములాని ఎక్కంలా బట్టీ పట్టినవాణ్ణి, అది పెట్టెలో పట్టే వస్తువని నాకు నలభై దాటాక తెలిసింది.

నాకు ఫార్ములా కన్నా ఆ మూత ముఖ్యం. తప్పు జరిగిందని చెప్పడానికి అక్కడ ఎర్ర ఇంకు లేదు, పక్కపిల్లతో పోలిక లేదు. పనే చెబుతుంది. నువ్వే దిద్దుకోవాలి. ఆ బడిలో సగం వస్తువులు ఇలాగే తయారై ఉంటాయి. పైగా ఒక్కో వస్తువూ గదికి ఒక్కటే ఉంటుంది, అవతలి పిల్లాడు వాడుతుంటే వాడు పెట్టేదాకా ఆగాలి. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లంతా ఒకే గదిలో ఉంటారు కాబట్టి తెలిసినవాడు తెలియనివాడికి చూపిస్తాడు. పొద్దున్నే మూడు గంటలు గంట కొట్టరు, పీరియడ్ మారదు. ఏ పని తీసుకోవాలో పిల్ల ఇష్టం, తీసుకున్నాక పూర్తిచేసి సర్దడం దాని బాధ్యత.

ఆ మూడు గంటలు పక్కన పెట్టి, మన ఇంకో మూడు గంటలు చూడండి. ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, ఇంజినీరింగ్ పేపర్ కూడా మూడు గంటలే. ప్రశ్నలు 160. ఒక్కోదానికి 67 సెకన్లు. 67 సెకన్లలో ఆలోచించడం కుదరదు, ఆలోచించేవాడు వెనకబడతాడు. ముందే వంద సార్లు చేసిన లెక్కని చూడగానే గుర్తుపట్టాలి. అది ఒక నైపుణ్యమే, కాదనను, కాకపోతే ఆ తర్వాత జీవితంలో ఎక్కడా దాంతో పనిపడదు. ఏ ఆఫీసులోనూ నాలుగు ఆప్షన్లిచ్చి ఒకటి ఎంచుకోమనరు. ఒక సమస్య ఇస్తారు, కొన్నిసార్లు అదీ సరిగ్గా ఇవ్వరు, అసలు సమస్యేమిటో కనుక్కోవడానికే ఒక పూట పడుతుంది. తప్పు చేస్తే మూడు నెలల తర్వాత కస్టమర్ ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియదు, మూత పడలేదని ఆ పని చేస్తున్నవాడికే ముందు అనిపించాలి.

మా పిల్ల ఇంటర్‌కి ఒక కార్పొరేట్ కాలేజీలో చేరింది, పేరెందుకు, అన్నీ ఒకే అచ్చు. మొదటి నెలలో స్టడీ అవర్‌లో ఒకే లెక్క పట్టుకుని నలభై నిమిషాలు కూర్చుందట. రెండు దారుల్లో చేసి చూసింది, రెండు జవాబులు తేడా వచ్చాయి, ఎందుకో తేల్చుకోవాలని కూర్చుంది. ఫ్లోర్ ఇన్‌చార్జ్ వచ్చి చూసి, షార్ట్‌కట్ రాసుకుని ముందుకు పో అన్నాడు. షార్ట్‌కట్ ఎందుకు పనిచేస్తుందని అడిగింది. సాయంత్రం అక్కకి ఫోన్ వచ్చింది: "మీ అమ్మాయి బ్రైటే మేడమ్, డౌట్లే కొంచెం ఎక్కువ, సిలబస్ నడవట్లేదు." ఎదగాల్సిన వయసులో పిల్ల మీద ఇంటికి చేరిన కంప్లైంట్ ఏమిటయ్యా అంటే, డౌట్లు ఎక్కువట!

మొదటి ఆరు నెలలూ వీకెండ్ టెస్టుల్లో దాని పేరు లిస్టు కింద ఎక్కడో ఉండేది. తర్వాత పుంజుకుంది, ఎలాగంటే, ఇది చదువు కాదు ఇదొక ఆట, దీని రూల్స్ వేరు అని అర్థం చేసుకుంది. ర్యాంకు ఐదంకెల్లో వచ్చింది. బెంగళూరులో నాలుగేళ్ల డిగ్రీకి వెళుతోంది, ఫిజిక్స్ చదువుతానంటోంది. మొన్న దాని బల్ల మీద ఆ కాలేజీ కోర్సుల జాబితా ప్రింట్ తీసి, ఏ సెమిస్టర్‌లో ఏది తీసుకుంటే ఏది వదులుకోవాలో పెన్సిల్‌తో గీసుకున్న కాగితం చూశాను. ఎవరూ చెప్పలేదు. పక్కింటి అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం, ఎలక్టివ్ ఎలా ఎంచుకున్నావురా అంటే, మార్కులు ఈజీగా పడేది ఏదో సీనియర్లు చెప్పారంకుల్ అన్నాడు.

వాణ్ణి తప్పుపట్టను. ఎల్‌కేజీ నుంచి వాడికి ఎంచుకునే అవకాశం ఒక్కటంటే ఒక్కటి ఇవ్వలేదు మనం. ఏ పుస్తకం, ఏ గ్రూపు, ఏ హాస్టలు, ఎన్నింటికి లేవాలి, ఎన్నింటికి పడుకోవాలి, అన్నీ ఎవరో రాసిచ్చిన షెడ్యూలే. ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్‌కి కూడా వాణ్ణి అడిగి వేయలేదు. ఇరవై ఏళ్లకి ఒక్కసారిగా సొంతంగా ఒక ప్రాజెక్ట్ చెయ్యి అంటే వాడేం చేస్తాడు? హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అమీర్‌పేట వెళ్లి కొనుక్కుంటాడు. కోడూ, రిపోర్టూ, వైవాలో ఏం చెప్పాలో, అన్నీ కలిపి ప్యాకేజీ. దశాబ్దాలుగా అంత పెద్ద వ్యాపారం నడుస్తోందంటే, సొంతంగా ఒక పని మొదలుపెట్టి ముగించడం అనేదే మన చదువులో ఎక్కడా నేర్పలేదని అర్థం. ఆ పని మాంటిస్సోరి బడిలో నాలుగేళ్ల పిల్ల రోజుకి నాలుగుసార్లు చేస్తుంది.

అవతలి వాదన కూడా వినాలి కాబట్టి వింటాను. ఆ స్కూళ్లలో చేరేది చదువుకున్న, డబ్బున్న ఇళ్ల పిల్లలు, వాళ్లు ఎక్కడ చదివినా బాగుపడతారు అంటారు. న్యాయమైన అనుమానమే. అందుకే అమెరికాలో మిల్వాకీ ఊళ్లో లాటరీ ద్వారా సీట్లిచ్చే ప్రభుత్వ మాంటిస్సోరి బడిని పట్టుకుని, లాటరీ తగిలిన పిల్లల్నీ తగలని పిల్లల్నీ పోల్చారు, 2006లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఐదేళ్ల వాళ్లు చదవడంలో, లెక్కల్లో ముందున్నారు, పన్నెండేళ్ల వాళ్లు మెరుగైన వ్యాసాలు రాశారు. 2025లో 24 ప్రభుత్వ బడులు, దాదాపు 600 మంది పిల్లలతో ఇంకా పెద్ద అధ్యయనం వచ్చింది, అందులోనూ ఇదే మొగ్గు, పైగా ఖర్చు తక్కువ. లక్షల మందికి సీట్లు పంచాలంటే ఏదో ఒక వడపోత కావాలి కదా అంటారా, కావాలి, కానీ జల్లెడ పట్టడానికి పెట్టుకున్న పరీక్షనే పన్నెండేళ్ల చదువుగా మార్చేయమని ఎవరూ అడగలేదు.

డబ్బున్న ఇళ్ల పిల్లలు అన్నమాట దగ్గర మాత్రం నేను ఆగిపోతాను, ఎందుకంటే నన్ను నిజంగా పొడిచేది అదే.

ఈ పద్ధతి మొదలుపెట్టిన మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న మొదటి బడి తెరిచింది రోమ్‌లో శాన్ లొరెంజో అనే పేదల పేటలో. తల్లిదండ్రులు కూలికి పోతే పిల్లలు కొత్తగా బాగుచేసిన గోడలు పాడుచేస్తున్నారని, వాళ్లని ఒకచోట కూర్చోబెట్టమని ఆ ఇళ్ల యాజమాన్యం అప్పగించిన పని అది. 1939లో ఆవిడ దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) పిలిస్తే మద్రాసు అడయారుకి వచ్చింది, యుద్ధంతో ఇక్కడే చిక్కుకుపోయింది, తాటాకు పాకల్లో టీచర్లకి శిక్షణ ఇచ్చింది. మన పక్కనే జరిగింది ఇదంతా. విజయవాడలో వి. కోటేశ్వరమ్మ గారు 1955లోనే ఆ పేరుతో పిల్లల బడి పెట్టారు, 2017లో ఆవిడకి పద్మశ్రీ వచ్చింది. మహారాష్ట్రలో తారాబాయి మోడక్ ఆ ఖరీదైన సామాను పక్కన పెట్టి ఆకులు, గింజలు, గవ్వలతో పల్లె పిల్లలకి అదే చదువు చెప్పింది. ఇన్ని జరిగాక కూడా హైదరాబాద్‌లో ఇవాళ అసలైన మాంటిస్సోరి సీటు అంటే జీతం మంచిగా వచ్చే ఇద్దరు సంపాదించే ఇంట్లోనే మాట్లాడుకునే సంగతి.

ఇటు రెండు రాష్ట్రాల్లో కలిపి దాదాపు 90 వేల అంగన్‌వాడీలున్నాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు, ఒకే గది, కింద చాప. మాంటిస్సోరి కోరిన ఏర్పాటు సగం అక్కడ ఉన్నదే. లేనిది శిక్షణ, వస్తువులు, టీచర్‌కి తీరిక. గుడ్లూ పాలూ లెక్క రాయడం, యాప్‌లో ఫొటోలు ఎక్కించడం, బరువులు తూచడం అయ్యేసరికి పూట గడిచిపోతుంది. ఇంటర్ బోర్డుని సంస్కరించమని ఏళ్లుగా గొంతు చించుకునే నాలాంటి వాళ్లం ఈ గది గురించి ఒక్క వాక్యం రాయం.

మా ఊళ్లో అంగన్‌వాడీ టీచరమ్మ చింతపిక్కలు డబ్బాలో దాచి ఉంచుతుంది, పదేసి కుప్పలు పెట్టిస్తుంది. పోయిన సంక్రాంతికి వెళ్తే ఆరుగురే ఉన్నారు. మిగతావాళ్లేరమ్మా అంటే రోడ్డు వైపు చూపించింది. ఊరి బయట మాంటిస్సోరి అని బోర్డు పెట్టుకున్న స్కూలు కొత్తగా వచ్చింది, ఆటో ఇంటి ముందుకే వస్తుందట. మాంటిస్సోరి అనే పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, అమెరికాలో 1967లోనే అది సాధారణ పదమని తేల్చేశారు, ఇక్కడ అడిగేవాడే లేడు. వెళ్లి చూశాను. మూడేళ్ల పిల్లలు బెంచీల మీద వరసగా కూర్చుని నాలుగు గీతల పుస్తకంలో ఏ నుంచి జెడ్ దాకా దించుతున్నారు. ఒకడి పెన్సిల్ విరిగితే చెక్కుకుందామని లేచాడు, మిస్సు కూర్చోబెట్టింది. గేటు మీద బోర్డులో మాంటిస్సోరి పేరు స్పెల్లింగ్ కూడా తప్పే.