సందేశానికి ఇరవై మార్కులు

ఓరుగల్లులో బొమ్మ గీయడం తేలిక, దానికి సందేశం వెతకడమే కష్టం. ఈ మాట అంటున్నది నేను కాదు, మార్కుల కాగితం. మొన్న హన్మకొండలో ఒక ఫంక్షన్ హాలులో జరిగిన ప్రాంతీయ చిత్రకళా పోటీలో ఆ కాగితాన్ని కళ్లారా చూశాను. రంగులకు పది, నీట్‌నెస్‌కు పది, ఫ్రేమింగ్‌కు పది, సమాజానికి సందేశం ఇరవై. వెరసి యాభై. గీతకు మార్కుల్లేవు. గీతలు అరచేతిలో ఉంటే చాలు, బొమ్మలో ఎందుకనుకున్నారు కాబోలు.

నిర్వాహకుల పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు. బ్యానర్ మీద పేరు ఏటా మారుతుంది గానీ స్టేజీ మీద కుర్చీల్లో మనుషులు మారరు.

ప్యానెల్లో ఐదుగురు. ఒకాయన పళ్ల డాక్టరు. ఒకాయన రిటైర్డ్ ఇంజనీరు. మూడో ఆయన హైవే పక్కన వెంచర్లు వేస్తారు, బహుమతుల డబ్బు ఆయనదే కాబట్టి కళాదృష్టి కూడా ఆయనకే ఎక్కువ. నాలుగో ఆయన కామర్స్ లెక్చరర్‌గా రిటైరై పెళ్లిపత్రికలకు పద్యాలు రాసిస్తున్నారు. ఐదో ఆయన డ్రాయింగ్ మాస్టారు, ముప్పై ఏళ్లు బడిపిల్లల చేత బొమ్మలు వేయించిన మనిషి. ఈ ఐదుగురిలో బొమ్మ తెలిసింది తనొక్కడికేనని ఆయనకు తెలుసు. మిగతా నలుగురికీ తెలుసు. అందుకే చాయ్ చెప్పి రమ్మని ఆయన్నే పంపారు.

పది గంటలకని పిలిచి ఒకటింబావుకు వచ్చారు. జ్యోతి వెలిగించడానికి ఎనిమిది అగ్గిపుల్లలు, ఒక లైటరు ఖర్చయ్యాయి. శాలువాలు కప్పించుకుని, వాటిని తీయకుండానే బొమ్మల మధ్య నడిచారు. నడుస్తూ ఫోన్లో వీడియో తీశారు. ఫోను బొమ్మల్ని చూసింది, వాళ్లు ఫోన్ని చూశారు. ఇంతకన్నా నిష్పాక్షికత ఎక్కడుంటుంది?

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె భద్రకాళి చెరువు వేసింది. వాటర్ కలరే, కానీ తడి ఇంకా ఆరలేదా అన్నట్టుంది. ఒడ్డున గుర్రపుడెక్క, నీళ్లలో ఊగుతున్న గుడి నీడ.

"సందేశమేందమ్మా?" అడిగారు లెక్చరర్ గారు.

"చెరువు సార్."

"చెరువు సరే. ఏం చెప్పాలనుకున్నవ్?"

పిల్ల తన బొమ్మ వైపే చూసింది, అందులో ఎక్కడన్నా రాసి ఉందేమోనన్నట్టు. "సాయంత్రమైంది సార్" అంది.

కింద 'నీరే ప్రాణాధారం' అని రాసి ఉంటే ఇరవైకి పద్దెనిమిది వేసేవాణ్నని లెక్చరర్ గారు చాలా నొచ్చుకున్నారు. వచ్చే ఏడు ఆ పిల్ల తప్పకుండా రాస్తుంది.

ఈ కాగితం ఇచ్చి వీళ్లను ఒక బస్సులో పాలంపేట పంపాలని నా కోరిక. 1213 నాటి రామప్ప గుడి 2021లో యునెస్కో జాబితాకెక్కిందంటే ఆ కమిటీలో మనవాళ్లు లేకపోబట్టే. ఎత్తుమడమల చెప్పులేసుకున్న ఆ శిల్పసుందరి ముందు నిలబడి "అమ్మా, ఈ చెప్పులతో సమాజానికి ఏం చెప్పదలుచుకున్నవ్?" అని అడిగేవారు. నడుమునొప్పి వస్తుందని కింద చెక్కలేదు కాబట్టి ఇరవైకి సున్నా.

మొదటి బహుమతి దేనికని అడగొద్దు, మీకు తెలుసు. కాకతీయ తోరణం, వెనక ఉదయిస్తున్న సూర్యుడు. ఏటా అదే తోరణం, అదే సూర్యుడు. ఈసారి కింద 'మన వారసత్వం మన బాధ్యత' అని పసుపు అక్షరాలు, చుట్టూ బంగారు రంగు ఫ్రేము. ఫ్రేముకు పదికి పది.

ఇక అసలు సంగతి. చేర్యాల నుంచి ఒక ముసలాయన, ఆయన భార్య వచ్చారు. చంకలో పాత చీరలో చుట్టిన పటం. నకాశీ పటమంటే తెలుసు కదా. ఖద్దరు బట్టకు గంజి, తెల్ల సుద్ద, ఉడికించిన చింతగింజల జిగురు పూతలు పూసి, ఆరబెట్టి, ఎర్రటి నేల మీద కథంతా వరసగా రాస్తారు. అవును, వాళ్లు బొమ్మ గీయడం అనరు, రాయడం అంటారు.

మొదటి అభ్యంతరం జిల్లాది. "చేర్యాలనా? గది సిద్దిపేట జిల్లా గదా!"

"2016 దసరా దాంక వరంగలే సార్."

"మరి ఈ బొమ్మ దసరాకు ముందటిదా, తర్వాతదా?"

రెండో అభ్యంతరం ఫ్రేము లేదని. మూడోది హాలుకు వచ్చింది. పటం పరుస్తూ పోతుంటే కుర్చీలు జరపాల్సి వచ్చింది, సౌండ్ బాక్సు జరపాల్సి వచ్చింది, చివరికి చీఫ్ గెస్టు సోఫా కూడా. ఇంజనీరు గారి ముఖం వెలిగిపోయింది. జేబులోంచి టేపు తీశారు. పొడవు ముప్పై అడుగులు, వెడల్పు మూడు. ఆయన నోరు తెరిచేలోపే వెంచర్ సారు అలవాటుకొద్దీ అనేశారు: "పది గజాలు!" లెక్క కరెక్టే. తొంభై చదరపడుగులు సరిగ్గా పది గజాలు. ఆ పోటీలో ప్యానెల్ కచ్చితంగా తేల్చింది అదొక్కటే. నిబంధనలో రెండడుగులకు మూడని ఉంది కాబట్టి ఎంత ఆక్రమణ జరిగిందో కూడా వాళ్లిద్దరూ లెక్కగట్టారు.

లెక్చరర్ గారు "కామిక్సా?" అన్నారు. డాక్టరు గారు మోకాళ్ల మీద వంగి, యముడి కోరలు చూసి, "పళ్లు బాగ వేసిండు" అని మెచ్చుకున్నారు. పొద్దుటినుంచీ ఒక బొమ్మను వంగి చూసిన జడ్జి ఆయనొక్కడే, అది నేను ఒప్పుకోవాలి.

అప్పుడు వెంచర్ సారు తీర్పు చెప్పారు. "గీ దున్నపోతు బొమ్మ కలర్‌ఫుల్‌గ ఉంది. గిదొక్కటి కట్ చేసి ఫ్రేమ్ కట్టించుకరా పెద్దమనిషీ, కన్సోలేషన్ కింద చూస్తం."

ముసలాయన ఏమీ అనలేదు. భార్య అంది: "ఈడ కోస్తే పిల్లగాడు యముని తాడులనే ఉంటడు సార్. శివుడు పక్క బొమ్మల వస్తడు."

కోయాలట! అది మార్కండేయ పురాణం. మా నేతగాళ్ల కొత్తవాడలో నేను నిక్కరేసుకు తిరిగే రోజుల్లో కూనపులి వాళ్లు వచ్చి, గల్లీలో రెండు గుంజలకు పటం కట్టి, పుల్లతో ఒక్కో బొమ్మ చూపిస్తూ తెల్లారేదాకా కథ చెప్పేవాళ్లు. మగ్గాలు ఆగిపోయేవి. పదహారేళ్ల పిల్లాడి మెడలో తాడు పడ్డప్పుడు మా నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. ప్రతిసారీ. శివుడొస్తాడని తెలిసి కూడా. ఆ తర్వాత మా పద్మశాలీల మూలపురుషుడు భావనా ఋషి తామరతూడు నూలుతో బట్ట నేసే బొమ్మ వచ్చేది. మేం ఎవరమో, మగ్గం గుంటలో ఎందుకు కూర్చున్నామో మాకు ఆ పటమే చెప్పింది. ఏ స్కూలు చెప్పలేదు. మీరు ముక్కలు చేసి అమ్మే పొలాలు చాలలేదా? కథను కూడా ప్లాట్లు కొడతారా? సందేశం కావాలా మీకు? తాడు పడ్డ పిల్లాడు బతకడం సందేశం కాదా? కింద పసుపు అక్షరాలతో రాస్తే తప్ప కళ్లకు ఆనదా?

ఆ నలుగురి మీద నాకు అంత కోపం లేదు, నిజానికి. వాళ్లకు తెలియదు. డ్రాయింగ్ మాస్టారికి తెలుసు. చాయ్ కప్పుల ట్రే పట్టుకుని వచ్చి పటం అంచున ఆగిపోయాడు. కోతిమూకలాంటి పిల్లల చేత కూడా తిన్నని గీత గీయించిన మనిషి, ఆ గీత చూసి కళ్లార్పలేదు. పెదాలు కదిలాయి. నేను ఊపిరి బిగబట్టాను. ట్రే కింద పెట్టి, నాలుగో కాలమ్‌లో 'నిబంధనలకు విరుద్ధం' అన్నచోట సంతకం పెట్టాడు. పెన్ను కూడా ఆయనదే.

ఆ అమ్మ చివరి నుంచి పటం చుట్టడం మొదలుపెట్టింది. భావనా ఋషి మగ్గంతో సహా చుట్టలోకి వెళ్లిపోయాడు. శివుడు వెళ్లిపోయాడు. యముడి దగ్గర చుట్ట ఆగింది. దున్నపోతు వీపు మీద ఒక నల్లటి బూటు ఉంది. బూటు వేసుకున్నాయన ఫోన్లో ఈస్ట్ ఫేసింగ్ ప్లాట్లన్నీ అయిపోయాయని ఎవరికో చెబుతున్నాడు.

"జర కాలు తియ్యి బిడ్డా" అంది ఆమె.

ఫోన్ ఆపకుండానే తీశాడు.