సవరణ: ఆ 84 బోల్టుల సంగతి

1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ముందు అద్దం గాల్లో ఊడిపోవడానికి మెకానిక్ ఒత్తిడే కారణమని మొన్న రాసేశాను. తప్పే. విశాఖ ఎన్‌ఏడీ జంక్షన్‌లో టీ తాగుతూ, హ్యాంగర్‌లో (విమానాలు బాగుచేసే షెడ్డులో) పనిచేసే మా బావ చీవాట్లు పెట్టాడు.

ఆ అద్దానికి బిగించిన 90 బోల్టుల్లో, ఉండాల్సిన దానికంటే 84 సన్నవి, 6 పొట్టివి. రాత్రి డ్యూటీ, మనుషులు తక్కువ. కేటలాగు చూడకుండా పాత బోల్టు పక్కన కొత్తది పెట్టి కంటితోనే సరిచూశారు. (ఆ పాతవీ పొట్టివేనట!)

ఇంకోటి. విమాన మరమ్మతుల్లో మనుషులు చేసే తప్పులకు 1993లో కెనడాలో గోర్డన్ డ్యూపాంట్ రాసిన 12 కారణాల్లో అలసట, పైవాళ్ల తొందర, ఒత్తిడి వేర్వేరు. నేను మూడింటినీ ఒకే గాటన కట్టేశాను. ఇంటి అప్పు ఆలోచిస్తూ, టార్క్ (బోల్టు ఎంత బిగుతుగా తిప్పాలన్న కొలత) చూశానో లేదో గుర్తురాక బావ మళ్లీ మొదటి బోల్టు నుంచి మొదలెట్టాడట ఓ రాత్రి. అదీ ఒత్తిడంటే.