రేకుల షెడ్డులో పెళ్లా, పరువేం కాను?

మా బావ కంకిపాడు దగ్గర ఫంక్షన్ హాల్ కడుతున్నాడంటే చుట్టాలందరం సంతోషించాం. స్లాబ్ కాదట, ప్రీ ఇంజనీర్డ్ బిల్డింగ్ అట అని తెలిశాక మాత్రం ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఇంజనీరు కుర్రాడు వచ్చి గంటసేపు చెప్పాడు పాపం. ఫ్యాక్టరీలో ప్లేట్లు కోసి, వెల్డింగ్ చేసి, రంగేసి, ఒక్కో ముక్కకీ నంబరు కొట్టి లారీలో పంపిస్తారట, ఇక్కడ క్రేన్‌తో ఎత్తి బోల్టులు బిగించడమేనట. మా పెదనాన్న అంతా ఓపిగ్గా విని "అయితే రేకుల షెడ్డేగా" అని తేల్చేశారు. ఆ తీర్పును సమర్థిస్తూ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

కట్టడం బలం తెలియాలంటే వేలి కణుపుతో కొట్టి చూడాలి, ఇది మా ఇంటి శాస్త్రం. చెయ్యి నొప్పి పుడితే గట్టిది. ఈ స్తంభాన్ని కొడితే టంగ్‌మంది. "స్లాబ్‌ని వంగకుండా లాగి పట్టుకునేది కూడా లోపలున్న ఇనుమేనండి" అన్నాడు కుర్రాడు. ఉండొచ్చు, కానీ ఆ ఇనుము మర్యాదగా సిమెంటు చాటున ఉంటుంది, నలుగురిలోకి రాదు.

అసలు ఘోరం స్తంభాలు నిలబెట్టిన రోజు బయటపడింది. కింద సన్నగా ఉన్నాయి, పైకి వెళ్లేకొద్దీ లావెక్కాయి, కప్పుతో కలిసే మూల దగ్గరైతే మరీ బలిసిపోయాయి. "ఒరేయ్, తలకిందులుగా బిగించార్రా!" అని పెదనాన్న కేక పెడితే క్రేన్ ఆగిపోయింది. తాటిచెట్టు కింద లావు, గుడి గోపురం కింద లావు, మరి ఇదేంటి? ఆ మూల దగ్గరే వంచే బలం ఎక్కువండి, కింద పీఠం దగ్గర దాదాపు ఉండదు, అందుకే ఎక్కడ అవసరమో అక్కడే ఇనుము పెడతాం అన్నాడు కుర్రాడు. పెదనాన్న నమ్మకపోతే చివరికి ఆయన కాలే చూపించాడు: చీలమండ సన్నం, తొడ లావు. ఆయన పంచె సర్దుకుని వెళ్లిపోయారు, మళ్లీ రెండు రోజులు సైటుకి రాలేదు.

పునాది విషయంలో బావ తెలివి మెచ్చుకోవాలి. షెడ్డు బలహీనం, గాలికి ఎగిరిపోతుందని ఊరంతా చెప్పింది ఆయనే. "షెడ్డే కదా, అంత గొయ్యి దేనికి" అని పునాది తగ్గించమన్నదీ ఆయనే. గాలి లెక్కల కోడ్‌లో విజయవాడకి సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తేలిక కప్పుని అంత గాలి పైకి లాగుతుంది, కాబట్టి ఈ పునాది బరువు మోయడానికే కాదు, బిల్డింగ్‌ని నేలకి పట్టి ఉంచడానికి కూడా. 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖ ఎయిర్‌పోర్టు కప్పుని ఏం చేసిందో అందరం టీవీలో చూశాం. బావ కూడా చూశాడు. గొయ్యి మాత్రం తగ్గించమన్నాడు.

ఇంతలో స్తంభాలు బిగించడానికి మేస్త్రీ పునాదిలో పాతిన బోల్టులు అర అంగుళం పక్కకి వచ్చాయి. ఫ్యాక్టరీలో మిల్లీమీటర్ల లెక్క, మా దగ్గర మూరల లెక్క. గ్యాస్ కట్టర్ తెచ్చి ప్లేటు కన్నం పెద్దది చేస్తే సరిపోతుందని మేస్త్రీ అంటే, కుర్రాడు కట్టర్‌కి అడ్డంగా నిలబడ్డాడు. షెడ్డుకి ఇంత పట్టింపా!

ఇవన్నీ తాత్కాలికం, విప్పుకుని పోయేవి అని పెదనాన్న మరో వాదన. లండన్‌లో 1851 ఎగ్జిబిషన్‌కి ఇనుము, అద్దాలతో క్రిస్టల్ ప్యాలెస్ ఇలాగే ముక్కలు బిగించి కట్టారండి, తర్వాత విప్పి సిడెనమ్‌లో మళ్లీ నిలబెడితే 1936 దాకా ఉంది అన్నాడు కుర్రాడు. "1936లో ఏమైంది?" అన్నారు పెదనాన్న. కుర్రాడు నిజాయితీపరుడు, కాలిపోయిందని ఒప్పుకున్నాడు. ఇనుము కాలదు గానీ 600 డిగ్రీలకి దగ్గరైతే సగం బలం పోతుంది, అందుకే మంట తగిలితే పొంగి కప్పుకునే పెయింట్ వేయిద్దాం అన్నాడు. బావ రేటు అడిగాడు, తర్వాత మంచినీళ్లు అడిగాడు.

ఆ పెయింట్ పోయింది. ఎండ వేడి లోపలికి దిగకుండా రేకు కింద వేయాల్సిన గ్లాస్ ఊల్ కూడా పోయింది, ఎలాగూ కనబడదు కదా. మిగిలిన డబ్బుతో షాండ్లియర్ వచ్చింది, దాని బరువు డిజైన్‌లో లేదని కుర్రాడు మొత్తుకున్నా సరే. స్తంభాలు కనబడకూడదని చుట్టూ ఫైబర్‌తో రోమన్ పిల్లర్లు పెట్టి బంగారు రంగు కొట్టారు.

మేలో మొదటి పెళ్లి. జనం శుభలేఖలతో విసురుకుంటూ "రేకుల షెడ్డంటే ఇంతేలే" అనుకున్నారు. పెదనాన్న మాత్రం పట్టుపంచెలో వచ్చి, దేన్నీ మోయని ఆ ఫైబర్ పిల్లర్‌కి వీపు ఆనించి, వెనక్కి చెయ్యి పెట్టి ప్రేమగా తట్టారు.

"ఇదొక్కటి గట్టిగా కట్టార్రా."