స్థిరత్వం అనే దురలవాటు

కొత్త కంప్యూటర్ కొన్నానని తెలిసి ఇంటికొచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే ప్రశ్న: "బాగా పనిచేస్తోందా?" మన సమాజం ఎంత వెనకబడి ఉందో ఈ ఒక్క ప్రశ్న చాలు చెప్పడానికి. పనిచేయడానికైతే పాతది ఉండనే ఉంది. పదేళ్లు తిన్నగా ఆన్ అయింది, తిన్నగా ఆఫ్ అయింది, ఒక్క రాత్రి కూడా నన్ను మేలుకోబెట్టలేదు. అలాంటిదాంతో మనిషికి అనుబంధం ఎలా ఏర్పడుతుంది? కొత్తదానితో ఆరు నెలలుగా అర్ధరాత్రి రెండింటిదాకా కూర్చుంటున్నాను. దాని గుండె చప్పుడు నాకు తెలుసు, నా బీపీ దానికి తెలుసు. కాబట్టి స్థిరత్వం గొప్పదంటూ జరుగుతున్న ప్రచారాన్ని ఇక ఖండించక తప్పదు.

ముందుగా నా అవసరాలు చెబుతాను. వారానికో వ్యాసం టైప్ చేయాలి. నెలకోసారి కరెంటు బిల్లు కట్టాలి. ఆదివారం అమెరికాలో ఉన్న తమ్ముడితో వీడియో కాల్ మాట్లాడాలి. వీటికి ఓవర్‌క్లాకింగ్ తప్పనిసరి అని వేరే చెప్పక్కర్లేదు. 'లక్ష్మి' అని కొట్టినప్పుడు క్షకారం కిందికి మకారం ఎంత త్వరగా చేరుతుందన్నది చిన్న విషయం కాదు.

ఓవర్‌క్లాకింగ్ అంటే, కంప్యూటర్‌కి మెదడులాంటి ప్రాసెసర్‌ని కంపెనీ గీసిన గీత దాటించి పరిగెత్తించడం. ఒకప్పుడిది డబ్బు లేనివాళ్ల విద్య. 1998లో ఇంటెల్ 'సెలెరాన్ 300ఏ' అని ఒక చవక ప్రాసెసర్ తెచ్చింది. దాన్ని 440బీఎక్స్ చిప్‌సెట్ (ప్రాసెసర్‌కి సహాయకుడిలాంటి చిప్పు) ఉన్న మదర్‌బోర్డులో పెట్టి, బస్ వేగం, అంటే ప్రాసెసర్‌కీ బోర్డుకీ మధ్య దారి వేగం, 66 నుంచి 100కి మారిస్తే, దాన్ని హెచ్చించే గుణకం నాలుగున్నర కాబట్టి 300 మెగాహెర్ట్జ్ కాస్తా 450 అయ్యేది. పైసా ఖర్చు లేకుండా సగం వేగం అదనం. పక్కింటి గోడ దూకి కోసిన మామిడికాయకి ఉండే రుచి దానికి ఉండేది.

తోట యజమాని ఊరుకుంటాడా? గోడ ఎత్తు పెంచాడు. తర్వాత బుద్ధి తెచ్చుకుని, ఆ గోడకే గేటు పెట్టి టికెట్ కౌంటర్ తెరిచాడు. ఇప్పుడు ఇంటెల్‌లో గుణకం మార్చాలంటే ప్రాసెసర్ పేరు చివర 'కె' ఉండాలి, చిప్‌సెట్ పేరు ముందు 'జెడ్' ఉండాలి. రెండు అక్షరాలకీ విడివిడిగా డబ్బులు. 2025 ఏప్రిల్‌లో ఇంకో అడుగు వేసి, జెడ్890 బోర్డులకు '200ఎస్ బూస్ట్' అనే సదుపాయం ఇచ్చారు. బయాస్‌లో, అంటే బోర్డు సెట్టింగుల పేజీలో, దాన్ని ఆన్ చేస్తే ప్రాసెసర్ లోపలి దారుల వేగమూ మెమరీ వేగమూ పెరుగుతాయి, వారంటీ మాత్రం పోదు. దొంగతనానికి టికెట్టు, దొంగకి బీమా. మామిడికాయ మాత్రం మార్కెట్ కాయలాగే ఉంటోంది.

ఇంతకీ ఈ చిప్‌సెట్ చేసే పనేమిటి? ఒకప్పుడు మెమరీ వ్యవహారమంతా దాని చేతిలోనే ఉండేది. ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ 2003లో, ఇంటెల్ 2008లో ఆ శాఖని ప్రాసెసర్ లోపలికి లాగేసుకున్నాయి. మిగిలినవి యూఎస్‌బీ, డిస్కులు తగిలించే సాటా, కార్డులు తగిలించే మరికొన్ని పీసీఐ దారులు, ఓవర్‌క్లాకింగ్‌కి గేటు తీయాలా వద్దా అనే వాచ్‌మన్ ఉద్యోగం. అలాగని చిన్నచూపు చూడకూడదు. 2011 జనవరిలో ఇంటెల్ కొత్త చిప్‌సెట్‌లో సాటా పోర్టుల్లో కొన్ని కాలం గడిచేకొద్దీ నీరసించిపోతాయని బయటపడింది. బాగుచేసి మార్చి ఇవ్వడానికే 70 కోట్ల డాలర్లు అవుతుందని కంపెనీ లెక్కేసింది. మన దగ్గర అంత ఖర్చుతో రాజీనామా చేసిన వాచ్‌మన్ లేడు.

ఏఎండీ వైపు పద్ధతి వేరు. 2024లో వచ్చిన ఎక్స్870ఈ చిప్‌సెట్ విప్పి చూస్తే, లోపల 2022 నాటి ఎక్స్670ఈలో ఉన్న ప్రోమోంటరీ 21 చిప్పులే రెండు కనిపిస్తాయి. యూఎస్‌బీ4 తప్పనిసరి చేశారు, కాదనను. పాత బస్సుకి రంగేసి, ముందు 'సూపర్ లగ్జరీ' అని బోర్డు తగిలించి, కిటికీ అద్దాలు మార్చినట్టన్నమాట. టికెట్ ధర అద్దాలను బట్టి ఉంటుంది.

నేను కొన్న బోర్డు ఏ కంపెనీదో అడక్కండి. మే నెలలో సికింద్రాబాద్‌లో కొని, ఇంట్లో బిగించి, మంచి ఘడియ చూసి బటన్ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా ఉంది. ఐదు నిమిషాలైనా నల్లగానే ఉంది. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి ఏమీ అనలేదు. ఆ అనకపోవడంలోనే అంతా ఉంది. షాపు కుర్రాడికి ఫోన్ చేస్తే, "అన్నా, జర ఆగండి, మెమరీ ట్రైనింగ్ అయితుంది" అన్నాడు. నిజమే, డీడీఆర్5 రకం మెమరీ మొదటిసారి ఆన్ అయినప్పుడు, ఎంత వోల్టేజీకి ఏ సమయానికి సంకేతం అందుకోవాలో బోర్డు ఓపిగ్గా సరిచూసుకుంటుంది. బయాస్‌లో అంకె మార్చిన ప్రతిసారీ ఆ శిక్షణ మళ్లీ మొదటికి రావచ్చు. మా ఇంట్లో ఇంత శ్రద్ధగా చదివినవాళ్లు ఇంకెవరూ లేరు.

మెమరీ డబ్బా మీద వేగం 6000 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాన్ని నమ్మి కొంటాం. ప్రాసెసర్ కంపెనీ అధికారికంగా ఒప్పుకునేదేమో చాలా ప్రాసెసర్లకు 5200 లేదా 5600. డబ్బా మీద అంకె రావాలంటే బయాస్‌లో ప్రొఫైల్ అనే రెడీమేడ్ సెట్టింగు ఆన్ చేయాలి, అది కాగితాల ప్రకారం ఓవర్‌క్లాకింగే. అంటే డబ్బా మీద రాసింది రాసినట్టు వాడుకోవడం కూడా వినియోగదారుడి సాహసం కిందికే వస్తుంది.

"నాకివన్నీ వద్దు, నేనేదీ ముట్టుకోను" అనే బుద్ధిమంతుల సంగతీ చూద్దాం. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లకు అధికారిక పరిమితి 253 వాట్లు. కొన్ని బోర్డులు మాత్రం పెట్టెలోంచి తీసినప్పుడే ఆ పరిమితిని 4096 వాట్లుగా పెట్టుకుని వచ్చాయి. మన ఇళ్లలో రెండు గీజర్లు కలిపితే అంత. ప్రాసెసర్ అంత తాగుతుందని కాదు, అడిగేవాడు లేడని దానర్థం. ఆటలు మధ్యలో ఆగిపోయి 'వీడియో మెమరీ చాలదు' అని చెబుతుంటే, పాపం జనం నిక్షేపంలాంటి గ్రాఫిక్స్ కార్డుల్ని అనుమానించారు. చివరికి 2024లో, ప్రాసెసర్లే అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతున్నాయని ఇంటెల్ తేల్చి, ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాం) దిద్దుబాటు ఇచ్చి, వారంటీ ఇంకో రెండేళ్లు పొడిగించింది. అంతకు ముందు ఏడాది ఏఎండీ వాళ్ల కొన్ని ప్రాసెసర్లు సాకెట్‌లోనే మాడిపోతే, ఒక వోల్టేజీకి 1.3 దగ్గర గీత గీశారు. ఏమీ ముట్టుకోనివాడిదీ కాలింది, అన్నీ ముట్టుకున్నవాడిదీ కాలింది. రెండోవాడికి కనీసం కాలక్షేపమైనా అయింది.

ఇక స్థిరత్వాన్ని నిరూపించే శాస్త్రం. దీనికి ప్రైమ్95 అనే ప్రోగ్రాం ఉంది. మెర్సెన్ సంఖ్యలనే ఒక రకం ప్రధాన సంఖ్యలు వెతికేవాళ్ల కోసం పుట్టింది. ఇందులో టార్చర్ టెస్ట్ అనే విభాగం, జవాబు ముందే తెలిసిన లెక్కల్ని ప్రాసెసర్ చేత చేయించి సరిచూస్తుంది. ఇది నడుస్తుంటే గది కొలిమిలా ఉంటుంది. వోల్టేజీ పది శాతం, వేగం పది శాతం పెంచితే విద్యుత్తు మూడో వంతు పెరుగుతుంది, ఎందుకంటే వోల్టేజీ వర్గం చొప్పున లెక్కకొస్తుంది. మే నెల హైదరాబాద్‌లో ఆ వర్గం ఒంటికి తెలుస్తుంది.

మా అత్తగారు వచ్చి నిలబడ్డారు. "ఏం చేస్తోంది బాబూ ఇది?"

"లెక్కలు చేస్తోందండీ."

"జవాబు వచ్చిందా?"

"జవాబు ముందే తెలుసండీ. తప్పు చేస్తుందేమోనని చూస్తున్నా."

ఆవిడ కాసేపు ఆలోచించి, "మా నాన్నగారూ ఇంతే, మమ్మల్ని ఎక్కాలు ఇలాగే అప్పజెప్పించుకునేవారు" అని ఓ విసనకర్ర ఇచ్చి వెళ్లారు.

పద్దెనిమిదో గంటలో ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఒక కోర్ ఆగిపోయి సందేశం వచ్చింది: లెక్కలో రౌండింగ్ తేడా 0.5 వచ్చింది, 0.4 కన్నా తక్కువ ఉండాలి. ఆ 0.1 కోసం నాలుగు వారాలు పట్టింది. తర్వాత ఇరవై నాలుగు గంటలు నిలబడింది. స్వీట్లు పంచుదామనుకునేలోపు, ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ అయింది. ఇది కూడా మామూలేనట. ముప్ఫై ఏళ్లు పిల్లల్ని అదిలించి, రిటైరైన మర్నాడు కళ్లు తిరిగి పడిపోయిన హెడ్మాస్టర్లు మనకు తెలియనివారా? దాన్ని ఖాళీగా ఉంచకూడదని వెంటనే ఇంకో టెస్ట్ పెట్టాను. ఈ కారణం వల్లే వ్యాసాలన్నీ పాత కంప్యూటర్ మీదే టైప్ చేస్తున్నాను. బిల్లు కూడా దానిమీదే కడుతున్నాను. బిల్లు పెరిగింది.

డిసెంబర్ వచ్చింది. చలికి మా ఇంట్లో పెరుగు తోడుకోదు. అత్తగారు ఒక రాత్రి తోడు వేసిన గిన్నె తెచ్చి, క్యాబినెట్ వెనక వేడిగాలి తగిలే చోట స్టూలు వేసి పెట్టారు. తెల్లారేసరికి గడ్డ పెరుగు. ఆరు నెలల్లో ఈ యంత్రం నుంచి కుటుంబానికి అందిన మొదటి ఉత్పత్తి అది. అప్పట్నుంచి మా ఆవిడ కూడా నా పరిశోధన గురించి గౌరవంగా మాట్లాడుతోంది.

పోయిన వారం నా బుద్ధి గడ్డి తింది. వేగం తగ్గించి, వోల్టేజీ తగ్గించి, టెస్ట్ పెట్టి పడుకున్నాను. రాత్రంతా నడిచింది. ఒక్క తప్పు లేదు, ఫ్యాన్ చప్పుడు లేదు. లేచి గదిలోకి వెళ్లేసరికి అత్తగారు గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నారు.

"పాలు పాలలాగే ఉన్నాయి బాబూ. కంప్యూటర్ పాడైపోయిందా?"

బయాస్‌లోకి వెళ్లి పాత అంకెలు మళ్లీ పెట్టాను. మెమరీ ట్రైనింగ్ అవుతోంది.