శాంతి చర్చలకు మా ఊరే తగినది

ఉక్రెయిన్ మీదికి రష్యా దండెత్తిన 2022 ఫిబ్రవరి నుంచీ ఒక ఘోరమైన అన్యాయం జరుగుతోంది. ఆక్రమణ సంగతి కాదు, దాని గురించి నోరు విప్పితే ఏదో ఒక పక్షాన చేరినట్టవుతుంది. శాంతి మంతనాలు ఇస్తాంబుల్‌లో పెట్టారు, జెద్దాలో పెట్టారు, స్విట్జర్లాండ్‌లో కొండెక్కి మరీ పెట్టారు. హైదరాబాదులో ఒక్కటంటే ఒక్కటి పెట్టలేదు.

తటస్థత మాకు కొత్తగా నేర్పక్కర్లేదు. 2020 బల్దియా ఎన్నికల్లో సగం మంది కూడా ఓటెయ్యని ఊరిది. బద్ధకం అన్నారు. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో 141 దేశాలు రష్యాను తప్పుబట్టి, 5 దేశాలు కాదని, మనతో కలిపి 35 దేశాలు ఓటింగుకు దూరంగా కూర్చున్నప్పుడు గానీ అర్థం కాలేదు, మేం చేసింది విదేశాంగ విధానమని. భద్రతా మండలితోనూ మాకు పాత పరిచయమే. 1948లో నిజాం అక్కడికి అర్జీ పంపాడు. మండలి సెప్టెంబర్ 16న తీరిగ్గా కూర్చుంది. 17న ఆయన లొంగిపోయాడు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నారు పెద్దలు. ఆ పెద్దలు పాము దగ్గర చమురు కొనలేదు. యుద్ధానికి ముందు మన ముడిచమురు దిగుమతుల్లో రష్యా వాటా నూటికి రెండు పాళ్లు ఉంటే గొప్ప. 2023లో మూడో వంతు దాటింది. తగ్గింపు ధర మరి! శాంతి దూతకు బలం ఉండాలి, బలానికి చమురు కావాలి, చమురు చవగ్గా రావాలంటే... సరే, ఈ తర్కాన్ని ఇక్కడితో ఆపుతాను.

నష్టం భరించలేదా అంటే, భరించాం. ఉక్రెయిన్ పొద్దుతిరుగుడు నూనె ఆగిపోయి మా సందులో మిర్చి బజ్జీ ధర పెరిగింది.

"మనది తటస్థ దేశం గదా అన్నా" అన్నాను బండాయనతో.

"నూనెకు తెల్వదు గద సార్."

"ఇది యుద్ధాల యుగం కాదు" అని 2022లో సమర్కండ్‌లో మన ప్రధాని పుతిన్‌కు ముఖం మీదే చెప్పారు. 2024 జులై 8న మాస్కోలో దిగారు. ఆ రోజే కీవ్‌లో పిల్లల ఆసుపత్రి మీద క్షిపణి పడింది. ఆగస్టు 23న కీవ్ వెళ్లి అక్కడా ఆలింగనం చేసుకున్నారు, నాలుగు వైద్యపెట్టెలు బహూకరించారు. పెట్టెల పేరు భీష్మ్. ఆ పేరు పెట్టినవారికి శతకోటి వందనాలు. నిండు సభలో ద్రౌపదిని ఈడ్చుకొస్తుంటే "ధర్మం సూక్ష్మమైనదమ్మా" అని ఊరుకున్న పెద్దమనిషి కంటే గొప్ప తటస్థుడు మన చరిత్రలో ఎవరున్నారు గనక? ఆయనా చివరికి ఒక పక్షాన యుద్ధం చేశాడు, అంపశయ్య ఎక్కాడు అంటారా? అది వేరే పర్వం.

మా ఊరి కుర్రాడొకడు ఏజెంట్లు చెప్పిన ఉద్యోగం నమ్మి రష్యా వెళ్లి, 2024లో ఆ యుద్ధంలోనే చచ్చిపోయాడు. దీన్ని ఏ పద్దులో రాయాలో తెలియక వదిలేస్తున్నాను.

ఇక నా ప్రతిపాదన. ఢిల్లీలో నిజాం కోసం కట్టిన హైదరాబాద్ హౌస్‌లో పుతిన్ ఎలాగూ విందులు తిన్నాడు, పేరు పరిచయమే. ఈసారి ఇద్దరినీ అసలు ఊరికే పిలిచి ఏ ఇరానీ హోటల్లోనో పాలరాతి బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చోబెడదాం. జెలెన్‌స్కీ ముందు ఒక చాయ్ పెడదాం. పుతిన్ ముందు ఖాళీ కప్పు. మధ్యవర్తిగా మనం లేచి, గంభీరంగా గొంతు సవరించుకుని, "వన్ బై టూ" అందాం.

చాయ్ ఎవరిదని అడక్కూడదు, తటస్థతకు భంగం. సాసర్‌లో ఒలికింది మాత్రం మనదే. ఉస్మానియా బిస్కెట్ ముంచుకోవడానికి సరిపోతుంది.