ఎదురుచూసినందుకు జరిమానా

తెలుగు సినీ అభిమానులకు శుభవార్త. శుక్రవారం మధ్యాహ్నం 12 గంటల 6 నిమిషాలకు ఒక భారీ చిత్రం తాలూకు గ్లింప్స్, అంటే సినిమాని రుచి చూపించే చిన్న వీడియో ముక్క, ఎప్పుడు విడుదలవుతుందో చెబుతారట. గ్లింప్స్ కాదండోయ్, గ్లింప్స్‌కి ముహూర్తం. ఈ సంగతి గురువారం సాయంత్రం ఒక పోస్టర్ వేసి మరీ తెలియజేశారు. ఆ పోస్టర్ వస్తోందని బుధవారమే ఒక ముక్క రాసి, పక్కన మూడు మంట బొమ్మలు తగిలించారు. రాబోయే సినిమాల్లో ఎదురుచూడదగ్గవేమిటని అడిగేవాళ్లకి నా జవాబు ఇదే. ప్రస్తుతానికి ఆ ముహూర్తం కోసం ఎదురుచూడండి. సినిమా సంగతి మీ పిల్లలు చూసుకుంటారు.

ఆ పోస్టర్‌ని ఒకసారి పరిశీలనగా చూడాలి. అందులో ఉన్నది వీపు. హీరోగారి వీపు. వీపు మీద చెమట, చెమట మీద దుమ్ము, దుమ్ము మీద ఎవరిదో రక్తం. కుడిచేతిలో గొడ్డలి, ఎడమచేతి వేళ్ల మధ్య బీడీ. ఆ బీడీ పొగలోంచి ఒక ఆకారం లేస్తోంది. అది పులో, విలనో, అమ్మవారో గ్రాఫిక్స్ వాళ్లు ఇంకా తేల్చుకున్నట్టు లేదు. కింద కుడిమూలన ఆడియో కంపెనీ లోగో ఉంది. పాట ఒక్కటీ ఇంకా కట్టలేదు. మొహం ఎక్కడా లేదు, అది ఫస్ట్ లుక్ కోసం దాచిపెట్టారు. ఇది ప్రీ లుక్. దీనికి ముందొచ్చింది కాన్సెప్ట్ పోస్టర్, అందులో గొడ్డలి ఒక్కటే ఉంది.

ఇక ఆ 12 గంటల 6 నిమిషాలు. అది ఊరికే పుట్టిన సమయం కాదు. దాని వెనక ఎంత మథనం జరిగి ఉంటుందో తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. ఫిలింనగర్‌లో ఒక ఆఫీసు. గాజు బల్ల మీద జీడిపప్పు ప్లేటు, చల్లారిన టీ, పంచాంగం, మూడు లాప్‌టాప్‌లు. చుట్టూ నిర్మాత, డిజిటల్ టీమ్ కుర్రాళ్లిద్దరు, స్వామిగారు, దర్శకుడి తరఫున కో-డైరెక్టర్. దర్శకుడు రాలేదు, సెకండాఫ్ రాస్తున్నారు.

"శుక్రవారం పదకొండూ ఏడుకి వేద్దాం సార్. ఆఫీసుల్లో అందరూ టీ తాగుతూ ఫోన్ చూసే టైము" అన్నాడు కుర్రాడు.

"శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం నాయనా" అన్నారు స్వామిగారు, కళ్లు మూసుకునే.

"అమెరికా బే ఏరియాలో అప్పటికింకా గురువారం రాత్రే కదా స్వామీ. ఓవర్సీస్‌కి రాహుకాలం తగలదు."

స్వామిగారు కళ్లు తెరిచారు. "ఓవర్సీస్‌కి తగలకపోవచ్చు. సీడెడ్‌కి తగుల్తుంది."

నిర్మాత చేతిలో జీడిపప్పు చేతిలోనే ఉండిపోయింది. సీడెడ్, అంటే రాయలసీమ పంపిణీ హక్కులు, ఇంకా అమ్ముడుపోలేదు.

"పన్నెండు దాటాక పెట్టుకుందాం స్వామీ, మీరే చెప్పండి."

"పన్నెండూ ఆరు. ఒకటీ, రెండూ, సున్నా, ఆరూ. కలిపితే తొమ్మిది. హీరో బాబుగారికి తొమ్మిది అచ్చొచ్చిన అంకె."

అందరూ దణ్ణం పెట్టుకున్నారు. అప్పుడు కో-డైరెక్టర్‌కి ఒక ధర్మసందేహం వచ్చింది. "ఇంతకీ గ్లింప్స్‌లో ఏం పెడదామండీ? మనం ఇంతవరకూ తీసింది పూజ ఒక్కటే కదా."

"ఆ కొబ్బరికాయ కొట్టింది స్లోమోషన్‌లో పెట్టండయ్యా. వెనకాల మ్యూజిక్ గట్టిగా కొట్టిస్తే గొడ్డలి అనుకుంటారు."

ఈలోగా భీమవరం నుంచి ఫోను. అభిమాన సంఘం అధ్యక్షుడు. "అన్నా, హీరో పుట్టినరోజు ఇంకా నాలుగు నెలలుంది. గ్లింప్స్ ఇప్పుడే వదిలేస్తే ఆ రోజుకి మాకేం మిగుల్తుందన్నా?"

"పుట్టినరోజుకి రిలీజ్ డేట్ వేస్తాం తమ్ముడూ."

"పోయిన పుట్టినరోజుకీ డేటే వేశారన్నా."

"ఇది కొత్త డేటు తమ్ముడూ!"

అవతల ఫోన్లో ఈలలు.

ఇది కేవలం నా ఊహ అని మీరనుకుంటే, ఈ పరిశ్రమ మీద మీకు గౌరవం ఎక్కువైందని అర్థం. పేరు చెప్పడానికే వేడుక జరిపిన పరిశ్రమ ఇది. 2025 నవంబరు 15న రామోజీ ఫిల్మ్ సిటీలో మైదానం నిండా జనం, మేడంత తెర, పాస్‌పోర్టు ఆకారంలో అచ్చేసిన పాసులు, చుట్టూ పోలీసు బందోబస్తు. ఇంతా చేసి ఆ రాత్రి తేల్చింది సినిమా పేరు 'వారణాసి' అని. బొమ్మ 2027 వేసవికి. కాశీకి నడిచి వెళ్లినా ఈలోపు రెండు మూడు సార్లు వెళ్లి రావచ్చు. రాజమౌళి గారి సినిమా కాబట్టి నేనూ చూస్తాను, ఆ మాట వేరు.

అభిమానులు అమాయకులని కూడా అనలేం. అప్‌డేట్ రాకపోతే నిర్మాణ సంస్థని నిద్ర లేవమంటూ హ్యాష్‌ట్యాగులు కట్టి రాత్రంతా ట్రెండ్ చేసేది వీళ్లే. ఇది చూసి చూసి విసుగెత్తి జూనియర్ ఎన్టీఆర్ 2023 ఫిబ్రవరిలో 'అమిగోస్' వేడుకలో మైకు పట్టుకుని చెప్పారు. రోజూ అప్‌డేట్ అంటే కుదరదని, చెప్పుకోదగ్గది ఉంటే ఇంట్లో భార్య కంటే ముందు మీకే చెబుతామని. మనవాళ్లు ఆ మందలింపునే ఆ నెల అప్‌డేట్ కింద జమ వేసుకుని ఉంటారు.

ఇక తేదీల దగ్గరికొద్దాం. 'ఆర్ఆర్ఆర్' మొదట 2020 జులై 30 అన్నారు. తర్వాత 2021 జనవరి 8. తర్వాత అక్టోబరు 13. తర్వాత 2022 జనవరి 7. మధ్యలో కరోనా ఉంది, అది ఎవరి తప్పూ కాదు, ఒప్పుకుందాం. కానీ చివర్లో ఒక ప్రకటన చేశారు చూడండి, అది చరిత్రలో నిలిచిపోవాలి. మార్చి 18న వస్తాం, లేదా ఏప్రిల్ 28న వస్తాం అన్నారు. తీరా మార్చి 25న వచ్చారు. 'కల్కి 2898 ఏడీ' 2024 జనవరి 12 కాస్తా మే 9 అయి, మే 9 కాస్తా జూన్ 27 అయింది. 'రాజాసాబ్' 2025 ఏప్రిల్ 10 నుంచి డిసెంబరు 5 మీదుగా 2026 జనవరి 9కి చేరాడు. 'హరిహర వీరమల్లు' 2022 సంక్రాంతికని బయల్దేరి 2025 జులై 24న దిగాడు. ఈలోపు దర్శకుడు మారారు, రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, హీరోగారు ఉప ముఖ్యమంత్రి అయ్యారు. ఇంతకీ వచ్చింది మొదటి భాగమే.

ఈ తేదీలన్నీ మన బస్సుల్లో కిటికీలోంచి సీటు మీదకి విసిరే కర్చీఫులు. వేసినవాడు ఎక్కుతాడో లేదో తెలియదు. ఆ సీట్లో మాత్రం ఇంకొకడు కూర్చోకూడదు. సంక్రాంతి, వేసవి, ఆగస్టు 15, దసరా, క్రిస్మస్, మంచి సీట్లన్నింటి మీదా ఏడాది ముందే కర్చీఫులు పడి ఉంటాయి. ఎవడో కొత్త దర్శకుడు, అప్పు తెచ్చిన నిర్మాత, చిన్న సినిమా పూర్తిచేసి చేతిలో పట్టుకుని ఫుట్‌బోర్డు మీద వేలాడుతుంటారు. పెద్దాయన రానని చెప్పేది సరిగ్గా పది రోజుల ముందు. అప్పుడు ఖాళీ అయిన సీటు కోసం ఆరు చిన్న సినిమాలు ఒకేసారి ఎగబడి, ఒకే శుక్రవారం వచ్చి, సోమవారానికి ఆరూ కనబడకుండా పోతాయి. వాటికి గ్లింప్స్ లేదు, పాస్‌పోర్టు లేదు. తేదీ మార్చుకుంటే అడిగే నాథుడు లేడు, వడ్డీ వ్యాపారి తప్ప. 2024 సంక్రాంతికి 'హనుమాన్' పట్టుదలగా జనవరి 12నే వస్తే హైదరాబాద్‌లో దక్కిన థియేటర్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. పండగ అయ్యేసరికి జనం ఎటు నడిచారో పంపిణీదారులకి తెలుసు.

చెప్పిన తేదీకి వచ్చిన సినిమా అసలు లేదా అంటే, ఉంది. 'సంక్రాంతికి వస్తున్నాం' అని పేరు పెట్టి, 2025 సంక్రాంతికి నిజంగానే వచ్చేశారు. పేరుకి తగ్గట్టు ప్రవర్తించిన పెద్ద తెలుగు సినిమా ఇంకోటి నాకు తట్టడం లేదు. 256 అడుగుల కటౌట్ పెట్టుకుని ఆ పండక్కే నాలుగు రోజుల ముందొచ్చిన సినిమా పక్కన అది ఎలా ఆడిందో అందరం చూశాం. అయినా పరిశ్రమ నేర్చుకున్న పాఠం ఏమిటయ్యా అంటే, ఈసారి కటౌట్ ఇంకాస్త పొడుగ్గా ఉండాలని.

సరే. ఇన్నేళ్లు ఎదురుచూశాం. వీపు చూశాం, గొడ్డలి చూశాం, ప్రోమోకి ప్రోమో చూశాం. ప్రీ రిలీజ్ వేడుకలో దర్శకుడు కాలర్ ఎగరేసుకునేలా ఉంటుందని, నిర్మాత కాగితాలు చించి రెడీగా పెట్టుకోమని చెబితే చప్పట్లు కొట్టాం. చివరికి తేదీ వచ్చింది. ఇంత ఓపిక పట్టిన మనిషికి ఏ వ్యాపారైనా ఏం చేస్తాడు? కొంచెం తగ్గించి ఇస్తాడు. ఇక్కడ మాత్రం ప్రభుత్వం చేత ఉత్తర్వు ఇప్పించి పెంచుతారు. ఎవడు ఎక్కువ ఆత్రంగా ఎదురుచూశాడో వాడికి ఎక్కువ రేటు. ఆసక్తి లేనివాడు రెండు వారాలాగి మామూలు ధరకి చూస్తాడు. ప్రేమించినందుకు జరిమానా వేసే వ్యాపారం నాకు తెలిసి ఇదొక్కటే.

2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంచాయతీల్లో అట్టడుగు తరగతి టికెట్ 5 రూపాయలంది. అది అన్యాయమే, ఆ డబ్బుతో థియేటర్లో ఫ్యాను కూడా తిరగదు. మరుసటి ఏడాది పెద్ద హీరోలు ముఖ్యమంత్రి దగ్గరికి తాడేపల్లి వెళ్లి చేతులు జోడించి పరిశ్రమని కాపాడమన్నారు. కాపాడారు. 2025 సెప్టెంబరు వచ్చేసరికి అదే రాష్ట్రంలో 'ఓజీ' సినిమా బెనిఫిట్ షో, అంటే అందరికంటే ముందు వేసే ప్రత్యేక ఆట, టికెట్ 1000 రూపాయలు, ఆ తర్వాత పది రోజులు అదనపు రేట్లు. తెలంగాణలో ముందు రాత్రి ఆటకి 800. బెనిఫిట్ ఎవరికో మాత్రం ఆ ఉత్తర్వుల్లో రాయరు.

ఇక్కడిదాకా నవ్వుతూ రాశాను. ఇక నవ్వు రావడం లేదు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర, మామూలు టికెట్ మీద 800 అదనంగా కట్టించుకున్న 'పుష్ప 2' ఆటకి, భర్తనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని వచ్చిన ఒక తల్లి తొక్కిసలాటలో చనిపోయింది. ఆమె కొడుకు నెలల తరబడి ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. ఆ పిల్లాడికి ఆ సినిమా హీరో అంటే ఇష్టం, అందుకే వచ్చారు. అంతకుముందు 2020లో కుప్పం దగ్గర హీరో పుట్టినరోజు బ్యానర్ కడుతూ ముగ్గురు కుర్రాళ్లు కరెంటు తీగ తగిలి పోయారు. 2025 జనవరిలో రాజమహేంద్రవరంలో ప్రీ రిలీజ్ వేడుక చూసి ఇంటికెళ్తూ ఇద్దరు రోడ్డు మీద పోయారు. ప్రతిసారీ దిగ్భ్రాంతి, ప్రతిసారీ చెక్కు, ప్రతిసారీ కుటుంబానికి అండగా ఉంటామనే మాట. సిగ్గుండాలి! ఎదురుచూపుని రెండేళ్లపాటు మంటపెట్టి మరగబెట్టేది మీరు, అది పొంగిన రాత్రి గేటు దగ్గర తొక్కుకు చచ్చేది వాళ్లు. గేటు ఎందుకు సరిపోలేదని విచారణ వేస్తారు. ఆ ఆత్రాన్ని తయారుచేసి అమ్మిందెవరని ఒక్కడూ అడగడు.

ఆ చావు తర్వాత తెలంగాణ శాసనసభలో ముఖ్యమంత్రి గట్టిగా చెప్పారు, ఇక టికెట్ పెంపులూ ప్రత్యేక షోలూ ఉండవని. మూడు వారాలు నిండకముందే సంక్రాంతి సినిమాకి తెల్లవారుజామున నాలుగింటి ఆటకీ, అదనపు రేటుకీ అనుమతి వచ్చింది. హైకోర్టు కన్నెర్రజేస్తే వెనక్కి తీసుకున్నారు. 2025 సెప్టెంబరుకి అదే పెంపు, పైన చెప్పిన 'ఓజీ' 800 అయి తిరిగొచ్చింది. మాట కూడా సినిమా విడుదల తేదీ లాంటిదే అయిపోయింది ఇక్కడ.

రాబోయే సినిమాల్లో ఎదురుచూడదగ్గవేమిటన్న మొదటి ప్రశ్న మర్చిపోలేదు. పండగ సినిమాలు, బాక్సాఫీసు యుద్ధాలు, విశ్వరూపాలు, ఊచకోతలు, రెండో భాగాలు అన్నీ ఉన్నాయి, వాటి పేర్లు మీకు నాకంటే బాగా తెలుసు. ఏదైనా ఒకటి నచ్చితే తొందరపడకండి. పెంచిన రేట్లు పది రోజులే కదా, పదకొండో రోజు పిల్లల్ని తీసుకుని మ్యాట్నీకి వెళ్లండి. కాకపోతే వెళ్లేముందు ఒకసారి కనుక్కోండి. పదకొండో రోజుకి ఆ థియేటర్లో ఇంకో పెద్ద సినిమా దిగి, దానికి రేటు పెంచుతూ ఉత్తర్వు వచ్చేసి ఉంటుంది.